ఫైన్ అని రాసిన మూడు కార్డులు

నిన్న చెట్టికరై కాలేజీ గేటు నుంచి ఆఫీసు మెట్ల దాకా ఎక్కడా ఆగకుండా నడిచాను! ఇదేం గొప్ప అనుకుంటారు. నాకు గొప్పే. అక్కడ నేను సెక్యూరిటీ పని చేస్తాను. నిరుడు ఇదే దారిలో నాలుగు చోట్ల ఆగేవాణ్ణి. ఒక చోట చెప్పు సర్దుకుంటున్నట్టు, ఒక చోట ఫోను చూసుకుంటున్నట్టు, ఇంకో చోట బండి నంబరు రాసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. గేటు కాపలావాడు నంబరు రాసుకుంటే ఎవరికి అనుమానం వస్తుంది? నిన్న మెట్ల దగ్గర నిలబడి నా భార్య సరోజకు ఫోన్ చేసి, "సరోజా, వచ్చేసినాను! యాడా నిలబడలే!" అని అరిచాను.

"అరిచేదానికి ఉండే మూచ్చంతా ఖర్చు చేయొద్దు మామా, ఇంటికి రావాల కదా," అంది. మా ఇళ్లలో ఊపిరిని మూచ్చు అంటాం. తిడుతున్నట్టే అంది కానీ, ఫోను పెట్టేశాక పక్కింటికి పోయి చెప్పి వచ్చిందట.

నా పేరు మునుస్వామి. మాది ధర్మపురి పక్కన ఇండూరు. తాతముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బళ్లో చదివింది తమిళమే. తెలుగు మాట్లాడమంటే పొద్దస్తమానం మాట్లాడతాను. రాయమంటే మొన్నమొన్నటి దాకా అ అక్షరం కూడా రాదు. మా వీధిలో అందరూ అంతే. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా రోగం పొగ వల్ల వచ్చింది, సిగ్గు వల్ల ముదిరింది.

పదిహేడేళ్లు పట్టాళంలో, అంటే సైన్యంలో, లారీ నడిపాను. కొండల మీద యుద్ధం జరిగిన ఆ వేసవిలో నా లారీలో రెండో డ్రైవరు ఈశ్వరయ్య. కడప పక్క పల్లెటూరివాడు. నా తెలుగు విని మొదటి రోజే, "సగం అరవమే కదరా నీ నోట్లో!" అని పడీపడీ నవ్వాడు. వాడికి ఇంటి నుంచి తెలుగు వారపత్రికలు వచ్చేవి. చదివేసి నా చేతికిచ్చేవాడు. నాకు చదవను రాదని అప్పుడే చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. వాడు ఏ పేజీ దగ్గర నవ్వాడో గుర్తుపెట్టుకుని నేనూ ఆ పేజీ దగ్గరే నవ్వేవాణ్ణి. ఎంత బాగా నవ్వానంటే, జోకు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని వాడు నలుగురిలో మెచ్చుకున్నాడు!

ఒక మధ్యాహ్నం మా గుండ్ల నిల్వ మీద అవతలి వైపు నుంచి షెల్లు వచ్చి పడింది. రెండు పగళ్లు కాలుతూనే ఉంది. ఇంకా అంటుకోని పెట్టెల్ని అవతలికి చేర్చాలి. మాస్కు వెతుక్కునే తీరిక ఎవరికుంది? తడిపిన తువ్వాలు ముఖానికి కట్టుకుని ఎత్తాం. తెల్లటి పొగ. వెల్లుల్లి మాడిన వాసన. నాలుక మీద అగ్గిపుల్ల తల నాకిన రుచి. మూడో రోజు కళ్లు వాచిపోయి ఇద్దరం లారీ చక్రానికి ఆనుకుని కూర్చుని దగ్గాం. మాత్రలిచ్చారు, వారంలో తగ్గింది. అన్ని పెట్టెలు కాపాడామని ఆఫీసరు భుజం తట్టాడు. గర్వంగా ఉండింది. ఇప్పటికీ ఉంది, అబద్ధమెందుకు.

తర్వాత చెరో చోటికి బదిలీ అయ్యాం. నేను సర్వీసు ముగించి ఊరికి వచ్చిన కొత్తలో, మూడేళ్లలో మూడు ఉత్తరాలు రాశాడు ఈశ్వరయ్య. పైన అడ్రసు ఇంగ్లీషులో, లోపలంతా తెలుగు. మొదటిది విప్పినప్పుడు సరోజ చింతపండు గింజలు తీస్తూ ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఏం రాసినాడు మామా నీ సావాసగాడు?"

"బాగుండాడంట."

"అంత కాగితం నిండా అదొక్కటేనా?"

"ఆవు ఈనిందంట. పెయ్యదూడ."

నోటికి వచ్చింది అనేశాను. భార్య ముందు కూడా చదవను రాదనడానికి మనసొప్పలేదు చూడండి, అంత పొగరు. రెండో ఉత్తరానికి ఆ దూడ పెద్దదైంది. మూడో ఉత్తరానికి అదీ చూలుతో ఉంది. సరోజ దాన్ని ఎంత నమ్మిందంటే, మా మేక చచ్చినప్పుడు, "ఆ కడపాయన చెయ్యి మంచిది, ఆయన ఇంట్లో పసరం నిలుస్తాది," అని ఏడ్చింది.

జవాబులు మాత్రం తప్పకుండా రాశాను. పోస్టుకార్డు మీద, పట్టాళంలో నేర్చుకున్న ఇంగ్లీషులో ఒక్క వాక్యం. ఐ యామ్ ఫైన్, ఆల్ ఫైన్ హియర్. కింద సంతకం. మూడింటికీ అదే. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. వీడికి పెద్దవాళ్లు దొరికి నన్ను మరిచిపోయాడని నేను అలిగాను కూడా!

దగ్గు ఒక్కసారిగా రాలేదు. మొదట ధనుర్మాసపు మార్గళి చలికి వచ్చి సంక్రాంతి తై నెలలో పోయేది. తర్వాత పోవడం మానేసింది. ఒక డాక్టరు టీబీ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగాను, ఒంటేలు ఎర్రగా వచ్చేది, దగ్గు మాత్రం దాని దారిన అది ఉంది. ఇంకో డాక్టరు ఉబ్బసమన్నాడు. టీబీ అన్న మాట ఊళ్లో పాకింది. ఒక పెళ్లి భోజనాల్లో మా చెల్లెలు నాకు వేరే వరసలో ఆకు వేయించింది. తినకుండా లేచి వచ్చేశాను. ఆ కోపం ఎవరి మీద తీర్చుకున్నాను? సరోజ మీద. ఒక రోజు సంగటిలో ఉప్పు లేదని తట్ట, అదే కంచం, విసిరేశాను. ఆమె బస్సెక్కి కడత్తూరులో తన అక్క ఇంటికి పోయింది. పదో రోజు తనే తిరిగి వచ్చి, వాకిట్లో నిలబడి, "బీడీ తాగలే, సారాయి తాగలే, ఎవరి పాపమో ఇది! ఉప్పు లేకుంటే అడుగు. తట్ట విసిరితే ఈసారి దాంతోపాటు నీ మూచ్చు కూడా విసిరినట్టే," అంది. ఆ రోజు నుంచి ఆస్పత్రికి ఒంటరిగా పంపలేదు.

నిరుడు ఆడి నెలకు, అంటే ఆషాఢానికి, స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవడానికి కూడా కూర్చోవలసి వచ్చింది. ఇంకో రెండు నెలలకు ధర్మపురిలో మా మాజీ సైనికుల ఆస్పత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, గబగబా మాట్లాడుతుంది. స్కాన్ చూసి, ఊపిరితిత్తిలోంచి ముక్క కోసి పరీక్షకు పంపితే తప్ప ఇదేమిటో చెప్పలేనంది. సేలంలో చేయాలి. "కానీ మీ ఊపిరి ఇప్పుడున్న స్థితిలో ఆ ఆపరేషన్ తట్టుకుంటుందని మాటివ్వలేను," అని తమిళంలో మెల్లగా చెప్పింది. సరోజ నా చొక్కా చివర పట్టుకుంది.

"ఎప్పుడైనా రసాయనాలు, విషపు పొగ పీల్చారా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. దాచలేదండీ, నిజంగానే గుర్తుకు రాలేదు! ఆ పొగ నా లెక్కలో యుద్ధం, గర్వం, భుజం తట్టిన చెయ్యి. రోగాల లెక్కలో దాన్ని ఎప్పుడూ పెట్టలేదు. మరుసటి వారం డిశ్చార్జి పుస్తకం తెస్తే సేలానికి కాగితం రాసిస్తానంది.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పను. భయపడ్డాను, అంతే. గుండ్ల మధ్య పడనంత భయం సేలం మాట వింటే పడ్డాను.

దీపావళి ముందు ఐప్పసి వానలు అప్పుడే మొదలయ్యాయి. సరోజ నల్ల పెట్టె అడుగు నుంచి డిశ్చార్జి పుస్తకం తీసి, దుమ్ము దులిపి, తన సంచిలో పెట్టుకుని వచ్చింది. ఆస్పత్రి వరండాలో తడిసిన గొడుగులు, తడిసిన మనుషులు. మా టోకెను నంబరు బాగా వెనక. సరోజ పుస్తకం తీస్తుంటే లోపలి నుంచి మూడు ఉత్తరాలు కింద పడ్డాయి. అటుగా పోతున్న నర్సు వంగి ఏరింది. పేరు రమణి.

"అయ్యో, తెలుగు ఉత్తరాలా! మాది కుప్పం అన్నా. ఈడ తెలుగు రాత చూసి ఎన్ని దినాలాయె! ఎవరు రాసింది?"

"సావాసగాడు. చదువమ్మా, నాకు కండ్లజోడు తేలే," అన్నాను. ఆ వయసులో, ఆ రోగంతో కూడా ఇంకో అబద్ధం!

రమణి చదివింది. "రేయ్ మునిసామీ, ఎట్లుండావు. ఆ గుండ్లు కాలిన పొగ తిన్నప్పటి నుంచి నాకు దగ్గు పోలేదు. మిద్దె ఎక్కితే ఆయాసం. నీకూ ఉందా? ఉంటే దాచుకోవద్దు, రాయి. ఈడ డాక్టరు అడుగుతాండాడు..."

"ఆగు, ఆగు," అంది సరోజ. "ఆవు మాట యాడుంది?"

"ఆవా? ఆవు ఏమీ లేదే వదినా."

సరోజ నా వైపు తిరిగింది. నేను కిందికి చూశాను. రమణి రెండోది విప్పింది. "నీ కార్డు అందింది. బాగుండావు, సంతోషం. పెద్దాస్పత్రిలో నా ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు మచ్చలు పడి మూసుకున్నాయని చెప్పినారు. ఆ రోగం పేరు కింద ఇంగ్లీషులో రాయించినా. మళ్లీ ఒకసారి ఆలోచించి రాయి మునిసామీ. మెట్లెక్కితే నీకెట్లుంటుంది?"

మూడోది చిన్నది. "నీ కార్డు డాక్టర్లకు చూపించినా. పొగలో నీతోపాటు ఉన్నోడు బాగున్నాడు కాబట్టి నీది పొగ వల్ల కాదని రాసేసినారు. నువ్వు బాగున్నందుకు నాకు కోపం లేదు, దేవుని మీద ఒట్టు. నా ఒళ్లే చెడ్డదేమో. ఇంక నిన్ను ఇసిగించను."

రమణి కాగితం మడిచింది. ఆ వరండాలో నేను గట్టిగా ఏడ్చాను. చుట్టూ ఎవరున్నారని చూడలేదు.

"మూడు దానికీ ఫైన్ అని రాసినావా?" అంది సరోజ.

"రాసినాను."

"చదవను రాదని నాతో చెప్పేదానికి ఏం మామా? నాకు మాత్రం వచ్చునా?"

ముందు వరసలో కట్టుకట్టిన కాలు చాపుకుని కూర్చున్న ముసలి హవల్దారు ఒకాయన, ఏం జరిగిందో ఏమీ అడగకుండా, తన టోకెను నా చేతిలో పెట్టి, "నీవు ముందు పో తంబీ," అన్నాడు. ఆయన ఊరు, పేరు నాకు తెలియవు. ఆయన కాలు బాగుపడాలని ఈ రోజుకీ మొక్కుకుంటాను.

లోపలికి పరిగెత్తినంత పని చేశాను. "పొగ ఉండాది డాక్టరమ్మా! ఉండాది! నేను మరిచిపోయినాను!" అని తెలుగులోనే మొదలుపెట్టేశాను. రమణి నా వెనకే వచ్చి తమిళంలో చెప్పింది. డాక్టరమ్మ రెండో ఉత్తరం అడుగున ఉన్న ఆ ఇంగ్లీషు పేరు చదివింది. నా స్కాన్ మళ్లీ వెలుగులో పెట్టి చూసింది. కుర్చీలోంచి లేచేసింది! వెల్లుల్లి వాసనా? తెల్లటి పొగా? ఎన్ని రోజులు? తర్వాత ఎన్నాళ్లు దగ్గారు? ఒకటే ప్రశ్నలు. సేలం డాక్టరుకు అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఫోను పెట్టి, "కోయనక్కర్లేదు," అంది. సరోజ ఆ టేబులు మీదికి వంగి డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

పోయిన ఊపిరి తిరిగి రాదని కూడా అప్పుడే చెప్పింది. ఉన్నది కాపాడుకోవచ్చు, మందు మార్చాలి, కసరత్తు చేయాలి అంది. నాకు అదే పండగలా వినిపించింది.

బయటికి రాగానే ఈశ్వరయ్యకు జవాబు రాయాలన్నాను. వాడి ఫోను నంబరు లేదు, ఆ పాత అడ్రసు ఒక్కటే ఆధారం. "నువ్వు చెప్పన్నా, నేను రాస్తా," అని రమణి పెన్ను తీసింది. వద్దన్నాను. ఏం రాయాలో తను ఒక చీటీ మీద రాసిచ్చింది. నేను ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరం చూసి దించాను. రెండు వాక్యాలకు అరగంట పట్టింది. "నేను బాగాలేను. నాకూ దగ్గు ఉంది." కింద డాక్టరమ్మ నా పొగ సంగతి, రోగం పేరు ఇంగ్లీషులో రాసి ముద్ర వేసింది. కవరు అతికించబోతుంటే సరోజ ఆపింది.

"రమణీ, ఆవు ఉండాదా లేదా అని ఒక మాట రాయి తల్లీ. ఇన్నేళ్లు దాని మీద పానం పెట్టుకున్నాను."

రమణి రాసింది. ఆ వానలోనే పోస్టు చేశాం.

ఇక ఎదురుచూపులు. కార్తీక మాసమంతా పోస్టుమాన్ సైకిలు కనబడితే చాలు లేచి నిలబడేవాణ్ణి. వాడు బతికి ఉన్నాడా? నా ఫైన్ వాణ్ణి చంపేసిందా? డాక్టరమ్మ చెప్పిన ప్రకారం పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదులుతూ నడిచేవాణ్ణి. గేటు నుంచి మొదటి వేపచెట్టు. తర్వాత సైకిల్ స్టాండు. తర్వాత క్యాంటీను. వారానికోసారి ఆస్పత్రికి పోయినప్పుడు రమణి వాడేసిన కాగితాల వెనక అక్షరాలు రాసిచ్చేది. సరోజ పక్కనే కూర్చుని నాకంటే ముందే నేర్చేసుకుంది! ఒత్తుల దగ్గర నేను తడబడితే, "పట్టాళంలో ఇదేనా నేర్పింది?" అని ఎగతాళి. మా ఇంట్లో అంత నవ్వు విని ఏళ్లయింది. మా చెల్లెలు ఒక రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని నా తట్టలోంచే ఒక ముద్ద తీసుకుంది. నేను తట్టను ఆమె వైపు జరిపాను.

శివరాత్రి నాటి మాసి నెలలో ఉత్తరం వచ్చింది. వచ్చింది! కవరు మీద అడ్రసు వేరే, రాత మాత్రం అదే. సరోజ లాక్కోబోయింది. "నేనే చదువుతాను, ముట్టొద్దు!" అన్నాను. అరుగు మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. మధ్యలో ఊపిరి కోసం నేను ఆగితే, సరోజ నా భుజం మీంచి ముందు వాక్యం చదివేసి ఉక్కిరిబిక్కిరవుతూ ఉంది.

"రేయ్ మునిసామీ. కూతురింట్లో ఉండా, నీ కవరు ఊరూరా తిరిగి చేరింది. నీకూ దగ్గు ఉందని చదివి ఎగిరి గంతేసినా. నా కూతురు తిట్టింది, స్నేహితునికి రోగమొస్తే ఇంత సంబరమా అని. దానికేం తెలుసు? ఇన్నేళ్లూ నా ఒళ్లే చెడ్డదని తల దించుకోని బతికినా. మీ డాక్టరమ్మ కాగితం చూపిస్తే ఈడ నా ఫైలు మళ్లీ తెరిచినారు, మందు మార్చినారు. నాకు ఆవు లేదు. ఎప్పుడూ లేదు. ఏ ఆవు రా? ఇప్పుడు ఎట్లుండావో మొదటి నుంచి ఉన్నదున్నట్టు రాయి. ఈ మారు ఫైన్ అని రాసినావంటే రైలెక్కి వచ్చి తంతా."

అందుకే ఇదంతా రాశాను. తప్పులు రమణి దిద్ది, అచ్చుకు తగ్గట్టు సర్దింది. ఒక ప్రతి ఈశ్వరయ్యకు, ఒక ప్రతి నాలాగ పొగ తిని మరిచిపోయినవాళ్లకు. మీరెవరైనా సరే, డాక్టరు అడిగినప్పుడు గర్వాన్ని పక్కన పెట్టి ఆ పొగ మాట చెప్పండి. చదవను రాకపోతే రాదని చెప్పండి. ఆ మాటకు ఒక్క క్షణం సిగ్గు, అంతే.

ఇక నీకు, ఈశ్వరయ్యా. నేను ఫైన్ కాదు. చలికి ఇప్పటికీ దగ్గుతాను, మెట్లెక్కితే ఆగుతాను. అయితే నిన్న గేటు నుంచి ఆఫీసు దాకా ఆగకుండా నడిచాను. ఆ వారపత్రికల్లో జోకులు నాకు ఒక్కటి కూడా తెలియలేదు. ఆవు లేదని తెలిసి సరోజ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఫైన్ అని రాయలేదు కదా అని ఊరుకోవద్దు. రైలెక్కి వచ్చి తన్నరా.